తలకిందులుగా చదివిన జర్మన్ సెట్టు

శ్రావణీ,

వీరేశం సార్ నిన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని పని నేర్పమన్నారు. మూడు రోజులు కూర్చున్నాం. మొదటి రోజు నేను "టీ తాగుతావా" అన్నాను. రెండో రోజు "ఫ్యాన్ వెయ్యనా" అన్నాను. మూడో రోజు నువ్వే "అక్కా, మీకు పాణం మంచిగ లేదా?" అని అడిగావు. బాగానే ఉంది. నాకు మాట్లాడటం రాదు, అంతే. రాయడం కొంచెం వచ్చు. అందుకే ఈ నోట్‌బుక్.

ఎనిమిదేళ్ళు చేసి, ముప్పై ఒకటో ఏట ఈ పని నుంచి రిటైరవుతున్నాను. ఆ మాట సార్‌దే. శాలువా కూడా కప్పారు. వచ్చే నెల నుంచి నా ఉద్యోగం లైబ్రరీలో. అక్కడ మాట్లాడవద్దని గోడ మీదే రాసి ఉంటుంది.

పని ఏమిటంటే

మన షాపుకు పాత డ్రమ్ సెట్లు వస్తాయి. మూతబడిన ఆర్కెస్ట్రాలవి, బ్యాండు మేళాలవి, చర్చీలవి. ఇక్కడివాళ్ళు వాటిని జాజు సెట్టు అంటారు. వాటి మీద జాజ్ సంగీతం ఎవరూ వాయించలేదు, పెళ్ళి బరాత్‌లే వాయించారు. పేరు మాత్రం అలా ఉండిపోయింది. సార్ వాటిని బాగుచేయించి, పాతవి పోగేసుకునే హైదరాబాద్ వాళ్ళకూ, సినిమా షూటింగులకు కిరాయికిచ్చే వాళ్ళకూ అమ్ముతారు. వాళ్ళకు ఒక కాగితం కావాలి. ఈ సెట్టు ఏ దేశంలో, ఏ కార్ఖానాలో, సుమారు ఏ కాలంలో తయారైంది అని. షాపులో దాన్ని పుట్టుక కాగితం అంటాం. అది రాసేదాన్ని నేను. ఇకపై నువ్వు.

నన్ను ఎందుకు తీసుకున్నారో తెలుసా? చేతిరాత చూసి. "అక్షరాలు గుండ్రంగ ఉన్నయమ్మా, కాగితానికి అందమొస్తది" అన్నారు సార్. డ్రమ్ముల గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అడిగితే ఇవాళ ఈ నోట్‌బుక్ ఉండేది కాదు.

ఏం చూడాలంటే, లోపల చూడాలి. చెక్క ఎన్ని పొరలు, బోల్టు మర ఇంచీలదా మిల్లీమీటర్లదా, లోపలి గోడకు రంగు వేశారా వదిలేశారా, తోలు కూర్చునే అంచును ఎంత వాలుగా చెక్కారు. బయట అందరూ చూస్తారని బయటివైపు అబద్ధం చెబుతుంది. లోపల ఎవరూ చూడరనుకుని పనివాడు తన అలవాట్లన్నీ అక్కడే వదిలేస్తాడు. పళ్ళ డాక్టరు వాడేలాంటి చిన్న అద్దం, టార్చిలైటు డ్రాయరులో ఉన్నాయి. అద్దం పిడికి రబ్బరు బ్యాండు చుట్టింది నేనే. తీయకు, జారిపోతుంది.

ఇంకొకటి. కాగితంలో "కావచ్చు" అనే మాటకు సిగ్గుపడకు. ఈ పనిలో సగం నిజాయితీ ఆ మాటలోనే ఉంది. సార్‌కు ఆ మాట నచ్చదు. కనబడితే కొట్టేస్తారు. నువ్వు మళ్ళీ రాయి.

ఫ్యాను బిళ్ళ

నేను చేరిన మొదటి వారం నారాయణరావుపేట నుంచి ఒక సెట్టు వచ్చింది. పెద్ద డ్రమ్ము మీద ఇత్తడి బిళ్ళ, దాని మీద ఇంగ్లీషు అక్షరాలు, నంబర్లు. నేను శ్రద్ధగా అన్నీ ఎక్కించి, ఇంగ్లండు తయారీ అని రాసి, కాగితం సార్ ముందు పెట్టాను.

"శ్రేణి, యాభై సైకిల్స్. ఏందమ్మా గిది?"

"సెట్టు పేరు సార్. బిళ్ళ మీద ఉంది."

"ఇంకేం ఉన్నది బిళ్ళ మీద?"

"రెండు వందల ముప్పై వోల్ట్స్."

సార్ కళ్ళజోడు తీసి కాగితం మీద పెట్టారు. "డ్రమ్ముకు కరెంటెందుకమ్మా?"

నేను బిళ్ళ వైపు చూశాను. అమ్మడానికి వచ్చిన ఆయనే తల గోక్కున్నాడు. "ఫ్యాను కాలిపోయింది సార్. బిళ్ళ మంచిగుండె, పారేయ బుద్ధి గాలే."

ఆ రోజే ఒక పద్ధతి కనిపెట్టాను. మనవాళ్ళు దసరాకు అన్ని పనిముట్లతో పాటు డ్రమ్ములకూ బొట్లు పెడతారు. ఏటా బొట్టు మీద బొట్టు. బిళ్ళను కొంచెం లేపి చూస్తే దాని కింద కుంకుమ ఉంది. అంటే డ్రమ్ము ముందు వచ్చింది, బిళ్ళ తరువాత వచ్చింది. ఇంగ్లండులో కుంకుమ పెట్టి బిళ్ళ కొట్టరు కదా. ఈ పద్ధతి ఏ పుస్తకంలోనూ లేదు. వాడుకో. డ్రమ్ములు వచ్చిన రోజే తుడిచేయకు.

సార్ గురించి

మంచివారు. అప్పట్లో ఆర్కెస్ట్రాలో వాయించారు. చెవి గొప్పది, కన్ను బద్ధకం. తెలియదు అనే మాట ఆయన నోట ఎనిమిదేళ్ళలో వినలేదు. తెలియనప్పుడు డ్రమ్మును ఒక్క వేలి కణుపుతో తడతారు, కళ్ళు మూసుకుంటారు, "పాతది" అంటారు. ఎప్పుడూ తప్పు కాలేదు. ఇంకేమీ అనరు కాబట్టి.

ఆయన నేర్పింది ఒక్కటి నిజంగా పనికొచ్చింది. "ముందు ఓనరును మాట్లాడనియ్యి, నువ్వు నోరు తెరవకు" అన్నారు. నేను రెండో సగాన్ని అందరికంటే బాగా పాటించాను. మొదటి సగాన్ని పాటించలేదు. దాని ఫలితమే ఇప్పుడు చెప్పబోయేది.

చంద్లాపూర్ సెట్టు

నా రెండో ఏడు. చంద్లాపూర్ మల్లేశం బ్యాండు మేళం నడుపుతాడు. యాభై దాటినవాడు, ఇంట్లో కూడా బ్యాండు కోటు వేసుకునే ఉంటాడు. సెట్టు అమ్మడానికి పిలవలేదు, కాగితం కోసం పిలిచాడు. అది వాళ్ళ నాయన నర్సయ్యది. ఆయన మేళం పెట్టిన ఏడు తెచ్చిన సెట్టు. ఆయన పోయి అప్పటికి నాలుగేళ్ళు.

"మా బాపు ఉన్నన్ని దినాలు దీన్ని ఇంకొకల్ల ముట్టనియ్యలే మేడం. ఏడికెల్లి తెచ్చినవే అని ఎవలడిగినా ఒక్కటే మాట. జర్మన్‌ది అనెటోడు. అంతకు మించి చెప్పకపోతుండె."

సైడు డ్రమ్ము మీరట్‌ది, బ్యాండు సామాను చేసే ఊరు అది, చూడగానే తెలిసింది. పెద్ద డ్రమ్ము, రెండు చిన్న డ్రమ్ములు మాత్రం వేరే రకం. పైన మెరిసే ఎర్ర రేకు అంటించి ఉంది. పెద్ద డ్రమ్ము తోలు విప్పి అద్దం పెట్టి చూస్తే లోపల చెక్క లేదు, లోహం. దాని మీద మందంగా నల్ల రంగు. రంగు కింద అంచు దగ్గర ఏదో గుర్తు. చిన్న చిన్న చుక్కలు కలిసి గుండ్రని ఒంపులుగా ఉన్నాయి. నాకు తెలిసిన ఏ అక్షరమూ కాదు. డైరీలో ఉన్నదున్నట్టు బొమ్మ గీసుకున్నాను.

నేను ఈ పనిలో ఉండగా మూడు బారల దూరంలో అరుగు మీద మల్లేశం వాళ్ళ అమ్మ రాజవ్వ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. తీస్తూ తీస్తూ పక్కింటి గోడ మీదుగా ఎవరినో తిడుతోంది.

"నా గంగాళం ఎత్కపోయి, నా గంజులు ఎత్కపోయి, ఇంక ఏం ముఖం పెట్టుకొని గోడ మీద బట్టలారేస్తవే దొంగదానా!"

"పట్టించుకోకున్రి మేడం" అన్నాడు మల్లేశం. "గోడవతల మా చిన్నమ్మ, లచ్చవ్వ. మా అవ్వకు యారాలు, తోడికోడలు. నా చిన్నప్పుడు మా అవ్వ పెండ్లి సామాను పోయిందట. ఈమె ఆమె మీద పెట్టింది. గప్పటి సంది మాటల్లేవు, తిట్లే."

ఆ రోజు డైరీలో నేను రాసిన వాక్యం ఇదిగో, అక్షరం మార్చకుండా: "వంట సామాను గొడవ నడుస్తోంది. మన పనికి సంబంధం లేదు."

షాపుకు వచ్చి పుస్తకాలు తిరగేశాను. పాత జర్మన్ అక్షరాలకు కొక్కేలు, ఒంపులు ఉంటాయని ఒక బొమ్మలో చూశాను. మనసులో ఒక పోలిక పెట్టుకుని వెతికితే దొరకని పోలిక ఉండదు, ఇది గుర్తుంచుకో. "లోహపు డ్రమ్ములు. లోపల పాత జర్మన్ లిపిలో తయారీ గుర్తు. జర్మనీలో తయారై ఉండవచ్చు" అని రాశాను. సార్ "ఉండవచ్చు" కొట్టేసి "తయారైంది" చేశారు. మేము మళ్ళీ వెళ్ళినప్పుడు డ్రమ్మును కణుపుతో తట్టి "పాతది" అన్నారు. సంతకం పెట్టారు.

నెలలోపే ఆ కాగితం ల్యామినేషన్ అయింది. వ్యాను మీద బోర్డు వచ్చింది: జర్మన్ సెట్టు గల ఏకైక బ్యాండు, చంద్లాపూర్. గజ్వేల్ దాకా పెళ్ళిళ్ళ వాళ్ళు వెతుక్కుంటూ రావడం మొదలైంది. పోటీకి ఇంకో మేళంవాళ్ళు తమ వ్యాను మీద "జపాన్ లైట్లు" అని రాయించుకున్నారు. నాకు లోలోపల చాలా గర్వంగా ఉండేది. బస్సులో ఆ వ్యాను ఎదురైతే తల దించుకుని నవ్వుకునేదాన్ని.

జర్మన్ గంజు

మూడేళ్ళు గడిచాయి. ఒక ఆదివారం నేను వంటింటి గడప మీద కూర్చుని నవల చదువుకుంటున్నాను.

"గా జర్మన్ గంజు ఇటియ్యి, అన్నం వార్చాలె" అంది అమ్మ.

నేను కదల్లేదు.

"నిన్నేనే. చెవుడొచ్చిందా? జర్మన్ గంజు!"

"అమ్మా, అది జర్మన్ ఎందుకయింది?"

"జర్మన్ గాకపోతే ఇత్తడా?"

మన దగ్గర అల్యూమినియాన్ని జర్మన్ అంటారు. వేరే జిల్లాల్లో సత్తు గిన్నెలంటారట. పుట్టినప్పటి నుంచి నాకు తెలుసు. మా ఇంట్లో జర్మన్ గంజు ఉంది, జర్మన్ తపాల ఉంది, జర్మన్ మూతలు నాలుగున్నాయి. ఒక్కటీ జర్మనీ నుంచి రాలేదు. డ్రమ్ము అనేసరికి మాత్రం నాకు దేశం గుర్తొచ్చింది, గంజు గుర్తు రాలేదు.

గంజు తీసుకుని చూశాను. అంచు కింద లోపలివైపు మా నానమ్మ పేరు చుక్కలతో కొట్టి ఉంది. ఆమె బాలవ్వ. గంజు మీద "బాలవ" అని ఉంది.

"వొత్తు లేదేంది?"

"పాత బజార్ల యాదగిరి కొట్టిండు. సొట్టలు తీసుడు, గిన్నెలకు పేర్లు కొట్టుడు ఆయన పని. వొత్తు కొడితే చిల్లు పడతదని వొత్తులన్నీ ఇడిశిపెట్టెటోడు. మీ నానమ్మ కొట్లాడింది గూడ. ఏం చేస్తది, బాలవ బాలవే."

నేను లేచి డైరీ తెచ్చాను. చంద్లాపూర్ పేజీ తీశాను. చుక్కల ఒంపులు, కొక్కేలు, పాత జర్మన్ లిపి. డైరీని తలకిందులు చేశాను.

రాజవ.

శ్రావణీ, నేను నాలుగో ఏట నుంచి తెలుగు చదువుతున్నాను. వారానికి రెండు నవలలు చదువుతాను. గిన్నెను బోర్లించి డ్రమ్ము చేస్తే, పేరు తలకిందులైందని నాకు తట్టలేదు. నా భాషనే జర్మన్ అని రాసి, గుండ్రంగా సంతకం కింద తేదీ వేశాను.

అన్నం మెత్తబడిపోయింది. అమ్మ తిట్టింది. నేను వినలేదు.

చీటీ

పదకొండు రోజులు ఎవరికీ చెప్పలేదు. పన్నెండో రోజు మల్లేశం షాపుకు ఫోన్ చేశాడు. గజ్వేల్‌లో పెద్ద పెళ్ళి. పెళ్ళికొడుకు ఆఫీసులో పనిచేసే జర్మనీ ఆయన ఒకరు పెళ్ళికి వస్తున్నారట. ఆయన ముందు సెట్టు పెట్టి, మేడం చేత పుట్టుక కాగితం మైకులో చదివించాలని మల్లేశం కోరిక.

మైకు అనగానే నాకు సగం ప్రాణం పోయింది. జర్మనీ ఆయన అనగానే మిగిలిన సగం. నిజమైన జర్మన్ మనిషి వంగి లోపల చూస్తాడు. ఊరందరి ముందు మల్లేశం నవ్వుల పాలవుతాడు, వాళ్ళ నాయన అబద్ధాలకోరు అవుతాడు. ఆ వ్యాను మీద ఉన్నది బోర్డు కాదు, నేను కొట్టిన ఫ్యాను బిళ్ళ.

విషయమంతా చీటీ మీద రాసి సార్ ముందుకు జరిపాను. సార్ చదివారు. వేలి కణుపుతో టేబుల్‌ను తట్టారు.

"పాతది" అన్నారు.

నేను చీటీని ఇంకొంచెం ముందుకు జరిపాను.

"ఎవలకు తెలుస్తదమ్మా? జర్మన్ అంటె జర్మన్."

ఇంకో చీటీ రాశాను: "వచ్చే ఆయనకు తెలుస్తుంది."

"అయితే నువ్వే పోయి చెప్పు. నాకు మోకాళ్ళ నొప్పి."

ఫోన్ చేయడానికి మోకాళ్ళు అక్కర్లేదు. ఆ మాట కూడా నేను డైరీలోనే అన్నాను.

గోడ

చంద్లాపూర్ బస్సులో ఉత్తరం రాసుకున్నాను. ఇచ్చి, వాళ్ళు చదివేలోపు బస్టాపుకు వెళ్ళిపోవాలని నా పథకం. మల్లేశం కవరు తీసుకుని జేబులు తడుముకున్నాడు.

"కండ్లద్దాలు రిపేరుకిచ్చిన మేడం. మీరే సదువున్రి."

చదివాను. నా గొంతు నాకే వినబడలేదు. రాజవ్వ అరుగు మీద నుంచే "ఏందంటున్నది బిడ్డ? జెర గట్టిగ!" అంది. మళ్ళీ మొదటి నుంచి చదవాల్సి వచ్చింది. మీ సెట్టు జర్మనీది కాదు, జర్మన్‌ది. పొరపాటు నాది, మీ నాయనది కాదు. ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం.

మల్లేశం ముఖం చూడలేక డ్రమ్ము దగ్గర కూర్చున్నాను. తోలు విప్పి, నల్లరంగును టర్పెంటైన్ గుడ్డతో తుడిచి, తలకిందులు చేసి పట్టుకున్నాను. మల్లేశం వంగి, కళ్ళు చికిలించి, కూడబలుక్కుని చదివాడు.

"రా... జ... వ."

రాజవ్వ చేతిలోని చాట కింద పెట్టింది. మెల్లగా వచ్చి పెద్ద డ్రమ్ములోకి భుజం దాకా చెయ్యి పెట్టి లోపలి గోడ తడిమింది. ఒకచోట ఆగింది.

"గిది బాయి గిలక తాకి వడ్డ సొట్ట" అంది. "నా గంగాళం! మా మేనమామ పెట్టిన గంగాళం!" చిన్న డ్రమ్ముల వైపు చూసింది. "గవి నా గంజులు!"

"బాపు..." అన్నాడు మల్లేశం.

"మీ బాపే! పోయిన గంగాళం కోసం నాతోని బాయి అంత దేవులాడిండు గదరా! లాంతరు గూడ ఆయనే పట్టుకున్నడు!"

నేను డ్రమ్ము వెనక కూర్చుని డ్రమ్ము అంత చిన్నగా అవ్వాలని ప్రయత్నిస్తున్నాను. రాజవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. భుజాలు ఊగుతున్నాయి. నవ్వుతోంది. నవ్వుతూనే ఉన్నట్టుండి ఆగిపోయి గోడ వైపు చూసింది. ఆ ముఖంలో నవ్వు లేదు.

గోడ దగ్గరకు నడిచింది. తరువాత పిలిచింది.

"లచ్చవ్వా."

గోడవతల బట్టలు ఉతుకుతున్న చప్పుడు ఆగింది. తల ఒకటి పైకి వచ్చింది.

"దొరికిందా అక్కా గంగాళం?"

నలభై ఏళ్ళకు పైగా మాటలు లేవు కదా, వరస మాత్రం మరిచిపోలేదు. రాజవ్వ డ్రమ్ము చూపించింది. లచ్చవ్వ గోడ చుట్టూ తిరిగి వచ్చింది, తడి చేతులతోనే లోపల తడిమింది, పేరు మీద వేలు పెట్టింది.

"గిన్నేండ్లు దొంగదాన్నంటివి. నా ఇంట్ల ఎన్నడన్న గంగాళం మోగంగ ఇన్నవా? నీ ఇంట్ల ప్రతి పెండ్లికి మోగింది. నువ్వే చిందేసి ఎగిరినవు దాని ముంగట."

"ఎగిరిన" అంది రాజవ్వ, తలదించుకుని.

"మరి బోర్డు?" అన్నాడు మల్లేశం. "వ్యాను మీద బోర్డేం జెయ్యాలె? ఆదివారం పెండ్లి..."

"ఉండనియ్యిరా" అంది లచ్చవ్వ. "జర్మన్‌దే గద. కాగితమే మార్పియ్యి. ఓ బిడ్డా, నువ్వే గద రాసేది? ఇటు రా, కూసో. నేను చెప్పేది గూడ ఒకటి రాయాలె."

రాజవ్వ అడ్డు చెప్పలేదు. "రాయి బిడ్డా" అంది. "ఆమె ఎట్ల చెప్తె గట్ల రాయి."

మైకు

కొత్త కాగితం ఇలా ఉంటుంది. నకలు నీ డ్రాయరులో ఉంది. తయారీ స్థలం: సిద్దిపేట, పాత బజారు. తయారు చేసినవారు: గిన్నెల యాదగిరి కావచ్చు (ఆధారం: వొత్తు లేకపోవడం). చేయించినవారు: నర్సయ్య కావచ్చు. లోహం: జర్మన్. సార్ ఈసారి "కావచ్చు"ల జోలికి రాలేదు. ఒక్కమాట కూడా చదవకుండా సంతకం పెట్టారు. మనుషులు అంత త్వరగా మారరు.

పెళ్ళిలో నా చేతికి మైకు ఇచ్చారు. మైకు కూడా నాతో పాటు వణికి కుయ్యిమంది. జర్మనీ ఆయన ముందు వరసలో కూర్చున్నాడు. పెళ్ళికొడుకు ఆయన చెవిలో ఒక్కో వాక్యం ఇంగ్లీషులో చెబుతున్నాడు. "లోహం జర్మన్" దగ్గర ఇద్దరూ చాలాసేపు గొణుక్కున్నారు. ఆ తరువాత ఆయన లేచి వచ్చి, నేను భయపడినట్టే వంగి లోపలకు చూశాడు. చుక్కల పేరు మీద వేలు పెట్టి ఏదో అడిగాడు. రాజవ్వ తన గుండె మీద వేలు పెట్టి చూపించింది. ఆయన రెండు చేతులూ జోడించి ఆమెకు దండం పెట్టాడు.

మేళం మొదలైంది. పెద్ద డ్రమ్ముకు ఒక పక్క కుర్చీలో రాజవ్వ, ఇంకో పక్క కుర్చీలో లచ్చవ్వ. వాయించేవాడు కర్ర ఎత్తినప్పుడల్లా ఇద్దరూ ఒకే గొంతుతో అరుస్తున్నారు. "మెల్లగ కొట్టురా, సొట్టబోతది!"

ఆ తరువాత మూడేళ్ళు పనిచేశాను. సెట్టు చూడటానికి ఎక్కడికి వెళ్ళినా, టార్చి తీయకముందే ఆ ఇంట్లో అందరికంటే పెద్ద ఆడమనిషి పక్కన కూర్చుని "ఏమన్న సామాను పోయిందా అవ్వా?" అని అడిగేదాన్ని. నాకు ఆ ఒక్క ప్రశ్న అడగడం మాత్రం వచ్చింది. నువ్వు ఇంకా ఎక్కువ అడగగలవు.

చంద్లాపూర్ కాగితం చివర లచ్చవ్వ చెప్పి రాయించిన వాక్యం ఉంది. మైకులో నేను గట్టిగా చదవగలిగిందీ అదే. ల్యామినేషన్‌లో అది పెద్ద అక్షరాలతో ఉండాలని ఆమె పట్టుబట్టింది, ఇప్పుడది వ్యాను అద్దం మీదే ఉంది. ఎనిమిదేళ్ళలో రాసిన అన్ని పుట్టుక కాగితాల్లో, "కావచ్చు" అవసరం లేకుండా నేను రాసిన వాక్యం అదొక్కటే:

"ఈ గంగాళాన్ని లచ్చవ్వ ఎత్తుకుపోలేదు."